బట్టలుతుకు యంత్రము: మడి వేఱు, శుభ్రత వేఱు

మన తెలుగునాట మడి యను మాట యొకటి కలదు. శుభ్రత యను మాట వేఱొకటి కలదు. ఈ రెండును ఒకటి కావు. బావినీటిలో ముంచి, పిండి, ఎవరును తాకకుండ దండెముమీద ఆఱవేసిన పంచె మడిపంచె యగును. కాని దాని అంచున నిన్నటి కూరమరక నిన్నటివలెనే యుండవచ్చును. ఆచారమునకు తడుపుట చాలును, మురికికి చాలదు. నేడు మన యిండ్లలో ప్రవేశించిన ఉతుకు యంత్రములలో కొన్ని బట్టను తడిపి, త్రిప్పి, పిండి, పరిమళము పట్టించి మన చేతికిచ్చుచున్నవి. అది ఉతికినట్లా, మడి కట్టించినట్లా యని యడుగువారు తక్కువ. ఆ ప్రశ్నకు సమాధానము యంత్రముల చరిత్రలోనే దొరకును. ఆ చరిత్రను సంగ్రహముగ శ్రోతల ముందుంచి, యంత్రమును కొనదలచువారు దానినుండి గ్రహింపదగిన దేమో చెప్పుట యీ ప్రసంగమున నా ఉద్దేశము.

ముందుగా మురికి యన నేమో తెలియవలెను. చెమటలోని ఉప్పు నీటిలో కరగిపోవును. దానికి ఏ యంత్రమైనను చాలును. కాని మన చర్మమునుండి ఊరు జిడ్డును, వంటింటి నూనెయు నీటికి లొంగవు. అవి దారమునకు అంటుకొని, గాలిలోని ధూళిని, పొగమసిని తమతో పట్టి నిలుపును. చొక్కా మెడపట్టీమీద నల్లని గీత యేర్పడుట యిందువలననే. పాలు, గ్రుడ్డు, నెత్తురు వంటి మాంసకృత్తుల మరకలు మూడవజాతివి. వీనిని మొదటనే మరిగిన నీటిలో వేసినచో గట్టిపడి దారమును మఱింత అంటిపట్టుకొనును. టీ, పండ్లరసములు మొదలగు రంగుమరకలు నాలుగవజాతివి. శత్రువు నాలుగు విధములుగ నున్నప్పుడు ఒక్క ఆయుధముతో పోరు గెలువరాదు గదా.

మన పూర్వులకు రసాయనశాస్త్రము తెలియకున్నను పని తెలిసియుండెను. వెనుకటి చాకిరేవు పద్ధతిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. రజకుడు మైలబట్టలను చౌడుమన్ను కలిపిన నీటిలో తడిపెడివాడు. చౌడులో సహజముగ సోడా యుండును. అది జిడ్డును విడదీయును. పిదప వానిని బానమీద పేర్చి, క్రింద మంట పెట్టి, ఆవిరిలో చాల సేపు ఉడికించెడివాడు. తరువాత బండమీద ఉతికి, పాఱునీటిలో పలుమాఱులు జాడించి, ఎండలో పఱచెడివాడు. ఇందు నాలుగు బలములు కూడియున్నవి. చౌడు చేయునది మందు పని. మంట యిచ్చునది వేడి. బండ యిచ్చునది దెబ్బ. నానుటకును ఉడుకుటకును పట్టినది కాలము. ఈ నాలుగింటిని మోయు బండి నీరు.

రోమనుల పద్ధతియు నిట్టిదే. క్రీ. శ. 79లో అగ్నిపర్వతపు బూడిదలో మునిగిపోయిన పాంపేయి నగరమును త్రవ్వగా బట్టలను శుభ్రపఱచు కర్మశాలలు బయల్పడినవి. అచ్చటి పనివారు తొట్లలో నిలిచి కాళ్లతో బట్టలను త్రొక్కెడివారు. చౌడునకు బదులుగ పులిసిన మూత్రమును వాడెడివారు. అందలి అమోనియా జిడ్డును విడదీసెడిది. దేశము మాఱినను సూత్రము మాఱలేదు. మాఱని దింకొకటి కూడ కలదు. ఆ తెల్లదనమునకు మూల్యము చెల్లించినది పనివారి వెన్ను, కాళ్లు, చేతులు. మన యూళ్లలో తెల్లని పంచె కట్టినవారికి గౌరవము దక్కెను. దానిని తెల్లగ చేసినవారికి దక్కినది కొలత గింజలును, చిన్నచూపును. కావున ఈ పనిని యంత్రమునకు అప్పగింపవలెనను కోరిక సోమరితనమునుండి పుట్టినది కాదు, బాధనుండి పుట్టినది.

ఆ ప్రయత్నము ఐరోపాలో పదునేడవ శతాబ్దమునుండి కనబడును. ఇంగ్లండులో బట్టలుతుకుటకు సంబంధించిన తొలి పేటెంటు 1691 నాటిది. జర్మనీలోని రేగెన్స్‌బర్గ్ నగరమున యాకోబ్ క్రిస్టియన్ షేఫర్ అను మతాచార్యుడు, ప్రకృతిశాస్త్రజ్ఞుడు, 1766–67 ప్రాంతమున చేతితో త్రిప్పు నొక తొట్టియంత్రమును రూపొందించి ప్రచారము చేసెను. 1782లో ఇంగ్లండువాడగు హెన్రీ సిడ్జియర్ గుండ్రముగ తిరుగు పీపాతో నొక యంత్రమునకు పేటెంటు పొందెను. అమెరికాలో 1851లో జేమ్స్ కింగును, 1858లో హామిల్టన్ స్మిత్తును పీపాయంత్రములకు పేటెంట్లు తీసికొనిరి. వీనియన్నిటి లోపమొక్కటియే. నాలుగు బలములలో దెబ్బ నొక్కదానినే యంత్రము పుచ్చుకొనెను. నీళ్లు మోయుట, కాచుట, సబ్బు తరుగుట, పిండుట, మఱల నీళ్లు మార్చుట ఇవన్నియు ఇల్లాలికే మిగిలెను. పైగా పిడిని త్రిప్పు శ్రమయు ఆమెదే.

ఇరువదవ శతాబ్దారంభమున విద్యుత్తు ఆ పిడిని త్రిప్పుటకు వచ్చెను. షికాగో నగరమున హర్లీ యంత్రనిర్మాణ సంస్థ థార్ అను పేర నొక విద్యుద్యంత్రమును అమ్మెను. దాని పేటెంటు 1910లో ఆల్వా ఫిషర్ పేర వెలువడెను. అతడే విద్యుద్యంత్రమును కనిపెట్టెనని పలువురు వ్రాయుదురు. కాని అంతకుముందే అట్టి యంత్రముల ప్రకటనలు అమెరికా పత్రికలలో వచ్చియుండెను. ఈ యంత్రములకు పైన రెండు రోలర్లు బిగించి, వాని నడుమ బట్టను దూర్చి పిండెడివారు. ఆ రోలర్లలో వ్రేళ్లును, జుట్టును చిక్కుకొని గాయపడినవారు అనేకులు. శ్రమ తగ్గెను గాని అపాయము పెరిగెను.

నిజమైన మార్పు 1922లో వచ్చెను. ఐయోవా రాష్ట్రములోని న్యూటన్ పట్టణమున మేటాగ్ అను సంస్థ యుండెను. అది 1893లో వ్యవసాయపు పనిముట్లతో ఆరంభమైనది. అంతవఱకు యంత్రములలో పలుచోట్ల ఒక కొయ్యకాడ మూతనుండి వ్రేలాడి బట్టలను నీటిలో ఈడ్చుచుండెను. మేటాగ్‌వారు రెక్కలుగల కాడను తొట్టి యడుగున నిలిపి, బట్టను నీటిలో ఈడ్చుటకు బదులు నీటిని బట్టలోనుండి నడిపించిరి. మాట చిన్నదే గాని భేదము పెద్దది. మురికిని ఊడదీసి తీసికొనిపోవునది దారముల నడుమ పరుగెత్తు నీరే.

1937లో అమెరికాలోనే బెండిక్స్ అను యంత్రము వెలువడెను. దానికి ముందు వైపున అద్దపు తలుపు, లోపల అడ్డముగ తిరుగు పీపా. నీరు నింపుకొనుట, ఉతుకుట, జాడించుట, వేగముగ తిరిగి పిండుట ఇవన్నియు అది తనంత తానే చేసెడిది. పిండునప్పుడు అది ఎగిరిపడకుండ నేలకు మరలతో బిగింపవలసివచ్చెడిది. ఈ పీపాలోపల గట్లవంటి పట్టీలుండును. అవి బట్టను పైకెత్తి క్రింద పడవేయును. శ్రోతలు గమనింతురు గాక: ఇది మన చాకలిబండ దెబ్బయే. చేయెత్తి కొట్టుటకు బదులు బట్టయే యెగిరి పడుచున్నది.

ఇంతవఱకు దెబ్బ కథ చెప్పితిని. మందు కథ దీనికి తోడుగ నడచినది. 1791లో ఫ్రాన్సు దేశమున నికొలా లెబ్లాంకు మామూలు ఉప్పునుండి సోడాను తయారుచేయు మార్గమునకు పేటెంటు పొందెను. 1823లో షెవ్రోల్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కొవ్వుల తత్త్వమును, సబ్బు పుట్టు విధమును వివరించు గ్రంథము ప్రకటించెను. దీనితో సబ్బుపని శాస్త్రపు దారిన పడెను. సబ్బుకణమునకు ఒకకొన నీటిని ప్రేమించును, ఒకకొన నూనెను ప్రేమించును. అందువలన జిడ్డును చుట్టుముట్టి నీటిలోనికి లాగుకొనిపోవును. కాని సబ్బునకొక పగవాడు కలడు. కాల్సియము, మెగ్నీషియము ఎక్కువగ నున్న నీటిలో, అనగా మనము ఉప్పునీరు, బోరునీరు అని వ్యవహరించు కఠినజలములో, సబ్బు నురుగు కట్టక విరిగి తెల్లని తెట్టెగా మాఱును. ఆ తెట్టె బట్టకే అంటుకొని దానిని బూడిదరంగునకు త్రిప్పును. ఎంత యుతికినను బనియనులు తెల్లబడుట లేదని చాలమంది చెప్పుకొను మాటకు మూలమిదియే.

జర్మనీలో హెంకెల్ సంస్థ 1907లో పెర్సిల్ అను పొడిని అమ్మకమునకు తెచ్చెను. ఎండ చేయు తెల్లబఱచు పనిని పెర్‌బొరేటు అను మందుచేత కాగిన నీటిలోనే చేయించుట దాని విశేషము. 1913లో ఒట్టో రోమ్ అను శాస్త్రజ్ఞుడు మాంసకృత్తుల మరకలను జీర్ణింపజేయు ఎంజైములను ఉతుకుటకు వాడవచ్చునని పేటెంటు తీసికొనెను. 1946లో అమెరికాలో ప్రాక్టర్ అండ్ గాంబుల్ సంస్థ టైడ్ అను డిటర్జెంటును వెలువరించెను. అది సబ్బు కాదు. కఠినజలమును మెత్తబఱచు ఫాస్ఫేటులు కలిసిన కొత్త మందు. కాని ఆ ఫాస్ఫేటులు కాలువలగుండ సరస్సులలో చేరి నాచును పెంచి చేపలకు ఊపిరి లేకుండ చేయుటచే, 1970 తరువాత పలుచోట్ల వానిని నిషేధించిరి. అందుచే పొడులు మఱల మాఱవలసివచ్చెను.

ఇక యంత్రములు దేశదేశమునకు వేఱు రూపములెందుకు ధరించెనో చూడుడు. ఐరోపాలో పలుచోట్ల నీరు కఠినము. బట్టలను కాచి యుతుకు నలవాటు పూర్వమునుండి కలదు. కావున అచ్చట నీటిని తనలో తానే వేడిచేసికొను పీపాయంత్రము స్థిరపడెను. అమెరికాలో ఇండ్లు విశాలము, వేడినీరు గొట్టములోనే వచ్చును. కావున నీరు నిండుగ పట్టు పైమూత తొట్టియు, నడుమ రెక్కలకాడయు ప్రబలెను. 1948లో హూవర్ సంస్థ వేల్సు దేశములోని మెర్తిర్ టిడ్‌విల్ పట్టణమున తొట్టిప్రక్క గోడలో తిరుగు బిళ్లతో నొక చిన్నయంత్రమును చేయసాగెను. 1953లో జపానులో సాన్యో సంస్థ అట్టి మార్గముననే తన యంత్రమును వెలువరించెను. జపానులో నీరు మెత్తనిది, బట్టలను చన్నీటిలోనే ఉతుకు నలవాటు గలదు, ఇండ్లు ఇఱుకు. అందుచే బిళ్ల త్రిప్పుడు యంత్రము అచ్చటివారికి సరిపోయెను.

ఇచ్చటనే మనకు కావలసిన పాఠమున్నది. ఏ యంత్రమైనను తన దేశపు నీటిని, అలవాటును మనసున పెట్టుకొని పుట్టినది. మెత్తని నీటికై పుట్టిన చన్నీటి యంత్రమును తెచ్చి ఉప్పునీటిబోరు ప్రక్క నిలిపి, బట్ట తెల్లబడలేదని దానిని నిందించుట న్యాయము కాదు. తెల్లబడునని నమ్ముటయు వివేకము కాదు.

1960 ప్రాంతమున హెంకెల్ సంస్థలో పనిచేసిన హెర్బర్ట్ సిన్నర్ అను రసాయనజ్ఞుడు ఈ విషయమును ఒక వలయముగ గీసి చూపెను. ఆ వలయమున నాలుగు భాగములు: మందు, వేడి, దెబ్బ, కాలము. ఒకటి తగ్గినచో తక్కినవి పెరిగి ఆ వెలితిని పూడ్చవలెను. లేనిచో మురికి మిగిలిపోవును. మన చాకిరేవున శతాబ్దములుగ నడచిన విద్యయే ఇట్లు శాస్త్రపు పేరు పొందెను.

యంత్రము నిజముగ శుభ్రపఱచుచున్నదా యని కొలుచుట యెట్లు? పరీక్షాశాలలలో తెల్లని నూలుగుడ్డ ముక్కలకు నూనెతో కలిపిన మసి, నెత్తురు, కోకో, ఎఱ్ఱని ద్రాక్షాసారా మొదలగు మరకలు సమముగ పట్టించి, వానిని మామూలు బట్టలతో కలిపి ఉతుకుదురు. పిమ్మట ఆ ముక్కలనుండి ఎంత వెలుగు తిరిగివచ్చునో పరికరముతో కొలిచి, ఒక ప్రమాణయంత్రపు ఫలితముతో పోల్చుదురు. ఐరోపాలో 1995 నాటి ఆదేశము ననుసరించి విద్యుత్తు పొదుపునకొక అక్షరము, ఉతుకు శుభ్రతకొక అక్షరము వేఱువేఱుగ యంత్రముమీద ముద్రింపవలసివచ్చెను. 2010లో చేసిన నియమములచే శుభ్రత యక్షరము తొలగి, దాని స్థానమున తప్పనిసరియైన కనీసప్రమాణ మేర్పడెను.

అమెరికాలో జరిగినది వేఱు. 2007లో అచ్చట విద్యుత్తు పొదుపు నియమములు బిగిసెను. పైమూత యంత్రములను చేయువారిలో పలువురు వేడినీటిని తగ్గించి ఆ నియమములను తీర్చుకొనిరి. ఆ యేడు కన్‌స్యూమర్ రిపోర్ట్స్ అను పత్రిక పరీక్షించి చూడగా, కొన్ని యంత్రములలో మరకగుడ్డలు ఇంచుమించు వేసినప్పటంత మురికిగనే బయటికి వచ్చెను. వేడిని తగ్గించినవారు దెబ్బనుగాని కాలమునుగాని పెంచలేదు, వలయము తెగిపోయెను. పొదుపు చెడ్డదని దీని యర్థము కాదు. శుభ్రతను కొలువక పొదుపును మాత్రమే కొలిచినచో యంత్రము మడికట్టు యంత్రమగునని అర్థము.

దీని ఫలిత మెవరిమీద పడును? రూత్ ష్వార్ట్స్ కోవన్ అను చరిత్రకారిణి 1983లో ప్రకటించిన గ్రంథమున ఇంటియంత్రములు అమెరికా యిల్లాండ్ర పని అనుకొన్నంత తగ్గింపలేదని నిరూపించెను. బయటివారిచే ఉతికించుకొను బట్టలు తిరిగి ఇంటికే వచ్చెను. వారమునకొకసారి మార్చు దుస్తులు దినమునకొకసారి మార్చసాగిరి. మన యిండ్లలో దీనికొక వింతరూపము కనబడును. మెడపట్టీలను, ముంజేతిపట్టీలను ముందుగ చేతితో బ్రష్షుపెట్టి రుద్ది, తరువాత యంత్రములో వేయుదురు. యంత్రము చేయవలసిన పనిని ఇల్లాలో, పనిమనిషియో చేయును. పేరు మాత్రము యంత్రమునకు దక్కును. శుభ్రపఱచని యంత్రము శ్రమను తీసివేయదు, దాచివేయును.

కావున కొనదలచువారు అంగడిలో మీటలెన్ని, పాటలెన్ని, వెలుగులెన్ని యని కాక నాలుగు బలములను గూర్చి యడుగవలెను. మొదట వేడి. ముందుతలుపు యంత్రములలో సాధారణముగ నీరు కాచు హీటరుండును; పైమూతవానిలో కొన్నిటికే కలదు. జిడ్డుబట్టలకు 40 డిగ్రీలును, రోగుల పక్కబట్టలకును పసిబిడ్డల గుడ్డలకును 60 డిగ్రీలును ఉపయోగపడును. రెండవది దెబ్బ. పీపాలో బట్ట పైకెగిరి పడుటకు చోటుండవలెను. ఏడు కిలోల యంత్రమని యేడు కిలోలు క్రుక్కినచో దెబ్బయుండదు. బట్టలపైన ఒక చేయి పట్టునంత ఖాళీ యుంచవలెను. పొడి మితిమీరినను నురుగు పరుపువలె నడ్డుపడి దెబ్బను మ్రింగివేయును. మూడవది కాలము. 15 నిమిషముల శీఘ్రక్రమము చెమటబట్టకు చాలును, మురికిబట్టకు చాలదు. పొదుపుక్రమము రెండు మూడు గంటలు సాగుట లోపము కాదు. తక్కువ వేడిని ఎక్కువ కాలముచే పూడ్చుకొనుటయే అది. నాలుగవది మందు. యంత్రజాతికి తగిన డిటర్జెంటును, నీటి కాఠిన్యమునకు తగిన కొలతను వాడవలెను.

నీటిని పరీక్షించుట సులభము. ఒక సీసాలో సగము నీరు పోసి, కొంచెము సబ్బు తురుము వేసి కుదుపుడు, డిటర్జెంటు వేయరాదు. నురుగు నిండుగ లేచినచో నీరు మెత్తనిది. విరిగిన పాలవలె తెట్టె కట్టినచో కఠినము. అట్టి యింట వేడి, మందు ఎక్కువగ కావలెను, హీటరుమీద కట్టు సున్నపుపొక్కును అప్పుడప్పుడు తొలగింపవలెను. నిమిషమునకు 1,200 చుట్లు, 1,400 చుట్లు అని గొప్పగ చెప్పు సంఖ్యలు పిండుటకు సంబంధించినవి, ఉతుకుటకు కావు. నక్షత్రముల గుర్తు ప్రధానముగ పొదుపును చెప్పును. మరక సంగతి దానినిబట్టి యెంచరాదు. రెండు తొట్ల సెమీ ఆటోమాటిక్కును తక్కువగ చూడనక్కఱలేదు. నీరు వేళకు మాత్రమే వచ్చు నూళ్లలో, నానబెట్టుటకు ఓపికయు, తొట్టినుండి తొట్టికి మార్చుటకు మనిషియు ఉన్న యింట అది చక్కగ పనిచేయును.

పరీక్షాశాల పద్ధతినే ఇంట ననుసరింపవచ్చును. పాత తెల్లని నూలుగుడ్డమీద నూనెలో కలిపిన దీపపుమసి, పాలు, టీ వేఱువేఱుగ పట్టించి ఆఱనిచ్చి, రెండుగ చింపి, ఒకదానిని దాచి, రెండవదానిని ఆ జాతి యంత్రమున్న బంధువుల యింట మామూలు బట్టలతో ఉతికించి, వెలుతురులో ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. పసుపుమరకతో మాత్రము యంత్రమును తూచకుడు. అది సబ్బు తగిలిన ఎఱ్ఱబడును, ఎండ తగిలిన వెలిసిపోవును. ఆ కీర్తి సూర్యునిదే.

చౌడు, మంట, బండ, కాలము ఈ నాలుగింటిని తన దేహబలముతో కూర్చి మన పూర్వులకు తెల్లని బట్ట నిచ్చినవాడు రజకుడు. ఆ బరువును మనుష్యుని వెన్నునుండి దించుటకే యంత్రము పుట్టినది. ఆ నాలుగు బలములను తనపై వేసికొన్న యంత్రమే యంత్రము. వానిలో ఒకదానిని విడిచిన యంత్రము దానిని తిరిగి ఎవరి చేతులలోనో పెట్టుచున్నదని తెలిసికొని, కొనువారు ఆ చేతులను తలచుకొని మఱి యెన్నుకొందురు గాక.